ఒకే తవ్వకం, రెండు గొట్టాలు

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ మిషన్ భగీరథను ప్రారంభించారు. అప్పటికి ఆ ఊరు మెదక్ జిల్లాలోది. అదే ఏడాది అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడి, గజ్వేల్ అందులోకి వచ్చింది. ఆ రోజు అందరి చూపూ నీళ్ల మీదే. ఇంటింటికీ నల్లా అన్నది పథకం. అయితే నీళ్ల పైపు కోసం రాష్ట్రమంతా నేల ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి, పూడ్చేలోపే పక్కన ఇంకో సన్నటి ప్లాస్టిక్ గొట్టం కూడా వేసేస్తే పోలేదా అన్న ఆలోచన ఒకటి దాని వెంటే నడిచింది. ఆ రెండో గొట్టంలోంచి రేపు ఇంటర్నెట్ తీగ పంపొచ్చు. టీ-ఫైబర్ అని పేరు పెట్టింది దీనికే.

ఈ ఆలోచన వెనకున్న లెక్క చాలా సాదాది. ఊళ్లకు ఇంటర్నెట్ తేవడంలో డబ్బు ఎక్కువగా పోయేది తీగకు కాదు, తవ్వకానికి. రోడ్డు కొయ్యడానికి అనుమతులు, జేసీబీ కిరాయి, కూలీలు, మళ్లీ పూడ్చడం, పూడ్చిన చోట వానాకాలంలో రోడ్డు కుంగితే ఊరివాళ్ల తిట్లు. ఒకసారి పడ్డ తిట్లతోనే రెండు పనులు అయిపోతే అంతకన్నా ఏం కావాలి?

గొట్టం ముందు ఖాళీగానే ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఒక చివర కంప్రెసర్ పెట్టి గాలి ఒత్తిడితో తీగను లోపలికి ఊదుతారు. లాగితే తెగిపోయేది, గాలి మీద తేలుతూ కిలోమీటరు దాకా కూడా సాఫీగా వెళ్తుంది. తీగ లోపల ఉండేవి గాజు పోగులు. ఒక్కో పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులోనూ వెలుగు నడిచేది నడిమి 9 మైక్రాన్ల మేరలోనే. మన కంటికి కనిపించని పరారుణ కాంతి అక్కడ సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. వెలిగితే 1, ఆరితే 0. సెకనులో కోట్లసార్లు వెలిగి ఆరడమే మన ఫొటోలు, పాటలు, జీతాల స్లిప్పులు. చేతిలో ఫోనుకు తీగ లేదు కదా అనొచ్చు. ఫోను నుంచి టవరు దాకా మాత్రమే గాలి. ఆ తర్వాత కథ చాలా చోట్ల మళ్లీ గాజు పోగే.

ఆ తవ్వకంలోని రెండు గొట్టాలూ చూడ్డానికి ఒకే పని చేస్తున్నట్టుంటాయి గానీ, లోపల జరిగేది పూర్తిగా వేరు. నల్లాలో వచ్చే నీటిచుక్కకు ఊరూ పేరూ లేవు. మీ ఇంటికి రావాల్సిన చుక్క పక్కింటికి పోయినా ఎవరికీ నష్టం లేదు, బిందె నిండితే చాలు. ఇంటర్నెట్ గొట్టంలో అలా కుదరదు. అక్కడ ప్రతి ముక్క మీదా ఎక్కడినుంచి బయలుదేరిందో, ఎక్కడికి పోవాలో రాసి ఉంటుంది. ఇరుగుపొరుగువాళ్ల ముక్కలన్నీ ఒకే పోగులో కలగలిసి పోతున్నా, చివర ఎవరివి వాళ్లకు చేరతాయి.

సిద్దిపేటలోని కోమటి చెరువు మీది వేలాడే వంతెన దగ్గర దిగిన ఫొటోను ఒక తండ్రి డాలస్‌లో ఉన్న కూతురికి పంపుతున్నాడనుకుందాం. ఫొటో 3 ఎంబీ. వాట్సాప్ మామూలుగా ఫొటోను నొక్కి చిన్నది చేస్తుంది కాబట్టి, ఆయన డాక్యుమెంటుగా పంపాడనే అనుకుందాం. అది ఒక్క ముద్దగా వెళ్లదు. ఫోను దాన్ని 1,500 బైట్లకు మించని ముక్కలుగా కోస్తుంది. అంటే రెండు వేల పైచిలుకు ముక్కలు. ఈ ముక్కలనే ప్యాకెట్లు అంటారు. ప్రతి ప్యాకెట్ తలమీదా చిరునామాలతో పాటు ఒక చిన్న అంకె ఉంటుంది. దాన్ని ప్యాకెట్ ఆయుష్షు అనుకోవచ్చు. బయలుదేరేటప్పుడు 64 అనుకుంటే, దారిలో ప్యాకెట్లను ముందుకు అందించే రూటర్ యంత్రం ఒక్కోటి దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయిందా, ఆ రూటర్ దాన్ని అక్కడికక్కడే పారేస్తుంది. దారి తప్పి రెండు రూటర్ల మధ్య బంతిలా ఎగురుతూ కూర్చున్న ప్యాకెట్లు లోకమంతా పేరుకుపోకుండా ఈ ఏర్పాటు.

మధ్యలో ఉన్న ఏ రూటర్‌కూ డాలస్ దాకా దారి మొత్తం తెలియదు. దానికి తెలిసిందల్లా, ఈ చిరునామాకు పోయే ప్యాకెట్‌ను నా పక్కనున్న ఎవరికి అందించాలి అన్నదొక్కటే. అందించాక మరిచిపోతుంది. చేరిందా లేదా అని వెనక్కి తిరిగి చూడదు. రద్దీ ఎక్కువైతే నిర్మొహమాటంగా కింద పడేస్తుంది, ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. ఇంటర్నెట్ నడిమి భాగం మనకు ఏ హామీ ఇవ్వదు. చేతనైనంత చేస్తుంది, అంతే.

నా లెక్కలో ఇంటర్నెట్ కట్టినవాళ్ల అసలు తెలివి ఈ హామీ ఇవ్వకపోవడంలోనే ఉంది. జాగ్రత్త, లెక్కాజమా, తప్పులు దిద్దడం, ఇవన్నీ రెండు కొసలకు వదిలేశారు. సిద్దిపేటలో ఫోను ప్రతి ముక్కకూ నంబరు వేస్తుంది. అవతలి కంప్యూటరు అందినవాటికి అందాయని కబురు పెడుతుంది. 847వది రాలేదా, ఫోను దాన్ని మళ్లీ పంపుతుంది. వెనకాముందూ వచ్చినవాటిని అవతల వరసలో పేర్చుకుంటారు. ఈ ఒడంబడికకే టీసీపీ అని పేరు. నడిమి భాగం అంత మొద్దుగా ఉంది కాబట్టే, తర్వాత ఎవరికి ఏ కొత్త ఆలోచన వచ్చినా దాని అనుమతి అడగక్కర్లేకపోయింది. అటూ ఇటూ రెండు ప్రోగ్రాములు రాసుకుంటే చాలు. వీడియో కాల్‌లాంటి వాటిలో పోయిన ముక్క కోసం ఆగరు, ఆగితే మాట వెనకబడుతుంది. అందుకే అమెరికా నుంచి కూతురు మాట్లాడుతుంటే మొహం ఒక్కోసారి చదరాలు చదరాలుగా చెదిరిపోతుంది, మాట మటుకు ముందుకు పోతూనే ఉంటుంది.

కబురును ముక్కలు చేసి పంపాలన్న ఆలోచన 1960లలో పుట్టింది. అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరికొకరు తెలియకుండానే ఈ దారి పట్టారు. అణుదాడిలో కొన్ని కేంద్రాలు పోయినా మిగిలినవి మాట్లాడుకోగలగాలన్నది బారన్ తపన. టెలిఫోను కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్లు మాత్రం ఇది నడిచేది కాదని పెదవి విరిచారు. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు 'లాగిన్' అన్న మాట పంపబోతే మొదటి రెండక్షరాలు చేరాక అవతలి కంప్యూటరు చతికిలపడింది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో రాసిన టీసీపీ ఒడంబడికే 1983 జనవరి 1 నుంచి, ఆ రాత్రి మొదలైన నెట్‌వర్క్ మొత్తానికీ కట్టుబాటు అయింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అప్పట్లో టెలిఫోన్ లైన్ మీద మోడెమ్ కూత వినపడితే గానీ నెట్ కలిసేది కాదు. ఆ కూత విన్నవాళ్లు ఇప్పటికీ మరిచిపోరు.

ప్యాకెట్ మీది చిరునామా అంటే ఐపీ అడ్రస్. పాత పద్ధతిలో అది 32 బిట్ల అంకె. మొత్తం కలిపితే 429 కోట్ల చిరునామాలే వస్తాయి. భూమ్మీద మనుషులే 800 కోట్లు దాటారు, ఒక్కొక్కరి చేతిలో రెండేసి ఫోన్లు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ కేంద్ర ఖజానాలో కొత్త చిరునామాల దిమ్మెలు అయిపోయాయి. ఒకే చిరునామా వెనక వందల ఇళ్లను దాచి నెట్టుకొస్తున్నారు. అందుకే మీ ఇంటి రూటర్ 192.168తో మొదలయ్యే నంబరు ఇస్తుంది, పక్కింటి రూటరూ అదే ఇస్తుంది. అది ఇంటి గడప దాటితే చెల్లని నంబరు. ఐపీవీ6 అన్న కొత్త పద్ధతిలో చిరునామా 128 బిట్లు, ఇక కరువన్న మాటే లేదు. దీన్ని వాడుకోవడంలో ఇండియా ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. 2016లో వచ్చిన జియో మొదటి నుంచీ దీని మీదే నడవడం అందుకొక కారణం.

ఇంతవరకు చెప్పింది ఇంటర్నెట్. ఇందులో వెబ్ ఊసే రాలేదు. వెబ్ అన్నది ఇంటర్నెట్ మీద నడిచే ఒక వాడకం, అంతే. ఇంటర్నెట్ పుట్టి రెండు దశాబ్దాలయ్యాక వచ్చింది. స్విట్జర్లండులోని సెర్న్ భౌతికశాస్త్ర కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో దీని ప్రతిపాదన రాశాడు. వేలమంది శాస్త్రజ్ఞులు వచ్చిపోయే చోట ఎవరి కాగితం ఏ కంప్యూటరులో ఉందో దొరక్క పడే తిప్పలే ఆయన్ను ఆ పనికి పురికొల్పాయి. ఆయన తెచ్చినవి మూడే. ప్రతి పేజీకీ ఒక చిరునామా, ఆ పేజీని అడగడానికి ఒక మాటతీరు, పేజీని రాయడానికి ఒక పద్ధతి. పేజీలోంచి ఇంకో పేజీకి దూకే లింకు ఆ మూడో దానిలోనే ఉంది. ఎవరి అనుమతీ అడగకుండా ఎవరి పేజీకైనా లింకు పెట్టుకోవచ్చు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని హక్కులేవీ ఉంచుకోకుండా లోకానికి వదిలేసింది. అప్పుడు ఒక్కో పేజీకి పైసా అడిగి ఉంటే ఈ అధ్యాయం రాసే పని పడేది కాదు.

ఇప్పుడు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఎవరో ఫోను తీసి తెలుగు వికీపీడియాలో 'సిద్దిపేట' పేజీ తెరిచారనుకోండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వేలు లింకు మీద పడ్డాక పేజీ కనపడేలోపు ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం.

ఫోనుకు పేరు తెలుసు గానీ నంబరు తెలియదు. ప్యాకెట్ మీద రాయాల్సింది నంబరు. కాబట్టి ముందు డీఎన్ఎస్ అనే పేర్ల చిట్టాను అడగాలి. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని తయారు చెయ్యకముందు ఆ చిట్టా మొత్తం ఒకే ఫైలు, అందరూ దాన్ని దింపుకొని దగ్గర పెట్టుకునేవారు. ఇప్పుడు పేరును వెనకనుంచి చదువుతారు. అన్నిటికన్నా పైనున్న రూట్ సర్వర్లు 'ఆర్గ్' సంగతి ఎవరికి తెలుసో చెప్తాయి, వాళ్లు వికీపీడియా సంగతి ఎవరికి తెలుసో చెప్తారు, వికీపీడియావాళ్లు తెలుగు విభాగం నంబరు ఇస్తారు. రూట్ సర్వర్లకు 13 పేర్లే ఉన్నా, వాటి నకళ్లు ప్రపంచమంతా ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. ప్రతిసారీ ఇంత తతంగం ఉండదు. ఎవరో ఒకరు ఇప్పుడే అడిగి ఉంటారు, మీ ఆపరేటరు జవాబు గుర్తుపెట్టుకునే ఉంటాడు.

పేరు చివర తెలుగులోనే '.భారత్' అని పెట్టుకునే వీలూ ఉంది. అయితే తెరమీద తెలుగు కనిపించినా, డీఎన్ఎస్‌కు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప ఏమీ అర్థం కావు. అందుకని బ్రౌజరు మన తెలుగు పేరును చాటుగా 'ఎక్స్ఎన్' అక్షరాలతో మొదలయ్యే గజిబిజి పేరుగా మార్చి అడుగుతుంది.

పేజీ పేరుదీ ఇంచుమించు ఇదే కథ. 'సిద్దిపేట' అని రాయడానికి గుణింతాలు, పొల్లు విడదీసి లెక్కిస్తే యూనికోడ్‌లో 9 గుర్తులు కావాలి. స, గుడి, ద, పొల్లు, ద, గుడి, ప, ఏత్వం, ట. ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 27. ఇంగ్లిషులో అదే ఊరు 8 బైట్లతో సరిపెట్టుకుంటుంది. లింకులో పెట్టేటప్పుడు ఒక్కో బైటును శాతం గుర్తుతో కలిపి మూడక్షరాలుగా రాస్తారు. 'స' ఒక్కటే '%ఈ0%బీ0%బీ8' అవుతుంది. ఊరి పేరు మొత్తం 81 అక్షరాల తోక. వాట్సాప్‌లో ఎవరైనా తెలుగు వికీపీడియా లింకు పంపితే అది అరపేజీ శాతం గుర్తులుగా కనపడేది ఇందుకే. అది వైరస్ అనుకొని నొక్కని పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

నంబరు దొరికింది. ఆ నంబరున్న యంత్రం ఎక్కడుంది? మన వైపు నుంచి వికీపీడియా అడిగితే సాధారణంగా జవాబిచ్చేది సింగపూర్‌లోని కంప్యూటర్లు. అసలు కాగితాలుండేది అమెరికాలో వర్జీనియా, టెక్సాస్‌లలోని ప్రధాన కేంద్రాల్లో. ఆసియావాళ్లు ప్రతిదానికీ అంత దూరం పోనక్కర్లేకుండా 2018 నుంచి నకళ్లు సింగపూర్‌లో ఉంచుతున్నారు. పేజీలో తప్పు దిద్దితే మాత్రం ఆ మార్పు అమెరికాకు పోవాల్సిందే.

సిద్దిపేట నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, అక్కడినుంచి చెన్నై ఆరువందల పైచిలుకు. చెన్నై తీరం దగ్గర తీగ సముద్రంలోకి దిగుతుంది. ఈ దారిలో భారతీ, సింగ్‌టెల్ కలిసి 2002లో తెరిచిన ఐటూఐ కేబుల్ ఒక్కటే దాదాపు 3,200 కిలోమీటర్లు. ఇంకా వేరే తీగలూ ఉన్నాయి. మీ ప్యాకెట్ ఎందులోంచి పోతుందన్నది మీ ఆపరేటరు ఎందులో చోటు కొనుక్కున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. మొత్తం 4,000 కిలోమీటర్లు అనుకుంటే, గాజులో వెలుగుకు పోవడానికి 20 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 20. ఒక్కసారి పోయొస్తే పని అయిపోదు. మొదటి చుట్టు, ఉన్నావా అంటే ఉన్నానని పలకరింపులు. రెండో చుట్టులో మధ్యలో ఎవరూ చదవకుండా తాళాలు కుదుర్చుకోవడం. కొన్ని బ్రౌజర్లలో కనిపించే తాళం బొమ్మ దీని గుర్తే. మూడో చుట్టులో గానీ అసలు పేజీ అడగరు. ఎంత మంచి పరికరాలున్నా 120 మిల్లీసెకన్ల కంటే తగ్గదు, అది వెలుగు వేగం పెట్టిన హద్దు. ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్ తీసుకున్నా ఈ హద్దు జరగదు. ప్లాన్ పెంచితే ఒకేసారి ఎక్కువ ముక్కలు వస్తాయి గానీ, మొదటి ముక్క ముందుగా రాదు. అమ్మేవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర మధ్యధరా సముద్రంలో రెండు తీగలు తెగాయి. మన దేశం నుంచి యూరప్ వైపు పోయే సామర్థ్యంలో పెద్ద భాగం ఒక్క రోజులో పోయింది. ప్యాకెట్లను తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. నెట్ నత్తనడక నడిచింది గానీ ఆగలేదు. బారన్ కోరుకున్నది ఇలాంటిదే, కాకపోతే తెంపింది బాంబు కాదు.

వెబ్ కానిది కూడా ఈ తీగల మీద బోలెడు నడుస్తుంది. పెద్దనోట్ల రద్దు తర్వాత, 2016 చివర్లో, సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్ దక్షిణాదిలో తొలి నగదు రహిత గ్రామంగా వార్తలకెక్కింది. దుకాణాల్లో స్వైపింగ్ మెషీన్లు పెట్టారు. ఆ మెషీన్ బ్యాంకుతో మాట్లాడేటప్పుడు ఎక్కడా వెబ్‌పేజీ తెరుచుకోదు. ఉండేదల్లా రెండు యంత్రాల మధ్య నాలుగు ముక్కల సంభాషణ, తర్వాత కాగితం చీటీ. వాట్సాప్, ఫోన్‌పే లాంటివీ ఇంతే. చాలా యాప్‌లు వెబ్ నుంచి అరువు తెచ్చుకున్న మాటతీరునే లోపల వాడుకుంటాయి గానీ, లింకులతో అల్లుకున్న పేజీలు అక్కడ ఉండవు. వాట్సాప్ కబురుకు ఇంకో పేజీలోంచి లింకు పెట్టి చూడండి, కుదరదు. జనం రోజులో ఎక్కువసేపు గడిపేది ఇప్పుడు ఇలాంటి తలుపులు మూసిన గదుల్లోనే. బెర్నర్స్-లీ చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నది దీని గురించే.

ఈ అంతరాలు తెలిస్తే రోజూ పనికొచ్చేది నెట్ పోయినప్పుడు. మనం అన్నిటికీ కలిపి నెట్ లేదు అనేస్తాం. ఇంట్లో ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకుంటుంటే గాజు పోగులో వెలుగు రావడం లేదని అర్థం. వీధి చివర ఎవరో తవ్వి ఉంటారు, లేదా స్తంభం మీద తీగ తెగి ఉంటుంది. మిషన్ తెచ్చి తెగిన కొసలు కరిగించి అతికేదాకా ఆగాలి. ఎర్ర లైటు లేదు, వాట్సాప్ వస్తోంది, వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకోవడం లేదు అంటే పేర్ల చిట్టా మీద అనుమానపడాలి. అన్నీ తెరుచుకొని ఒక్క ప్రభుత్వ పోర్టల్ మటుకే గిరగిరా తిరుగుతోందంటే, కౌంటర్‌లో మనిషి చెప్పే 'సర్వర్ డౌన్' నిజమే, నెట్‌ది ఏ తప్పూ లేదు.

2021 అక్టోబరు 4, సోమవారం. రాత్రి 9 దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారే ఆగిపోయాయి. ప్రపంచమంతా అంతే. ప్రతి నెట్‌వర్కూ తన చిరునామాలకు ఏ దారిన రావాలో పక్క నెట్‌వర్కులకు చాటింపు వేస్తుంటుంది. మరమ్మతు పనిలో ఫేస్‌బుక్ ఇచ్చిన ఒక తప్పు ఆదేశంతో ఆ సంస్థ కేంద్రాల మధ్య సంబంధాలు తెగిపోయి, చాటింపు కూడా ఆగిపోయింది. చాటింపు లేకపోతే దారి లేదు, దారి లేకపోతే దాని పేర్ల చిట్టా కూడా ఎవరికీ దొరకదు. లోపం సరిచెయ్యడానికి ఇంజినీర్లు వాడే సాధనాలూ అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో, మనుషులే స్వయంగా డేటా సెంటర్లకు పోవాల్సి వచ్చింది. ఆ రాత్రి తీగలన్నీ బాగున్నాయి, యూట్యూబ్ వస్తోంది, తెలుగు వికీపీడియా తెరుచుకుంటోంది. తెల్లవారుజామున 3 దాటాక గానీ వాట్సాప్ మళ్లీ కబుర్లు మొయ్యలేదు. ఆలోపు ఎంతమంది పాపం రూటర్ ఆపి వేసి, ఆపి వేసి, చివరికి కేబులాయనకు ఫోన్ చేసి నిద్రలేపారో.